సాక్ష్యంలో నేను దాచిన అరగంట

నా సాక్ష్యం విన్నవాళ్ళు ఈ రెండు జిల్లాల్లో చాలామందే ఉన్నారు. చీపురుపల్లి చుట్టుపక్కల చర్చిల్లో విన్నారు, శ్రీకాకుళంలో కూడికలకు వచ్చి విన్నారు, ఒకసారి పెళ్ళి పందిట్లో కూడా విన్నారు. వాళ్ళందరి ఇళ్ళకూ వెళ్ళి, నేను చెప్పింది సగమేనని చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను. కొత్తగా లైన్‌మన్ ఉద్యోగంలో చేరిన పిల్లలు చదివినా మంచిదే. స్తంభం ఎక్కడం మీకు మాకంటే బాగా నేర్పుతున్నారు. దిగాక ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రం మాకూ ఎవరూ నేర్పలేదు, మీకూ నేర్పరు.

నాకు ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి లేదు. పదిహేనేళ్ళ కిందట పోయింది. ఆ తరవాత ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే కుర్చీలో కూర్చోబెట్టారు. పోయినేడు ముందస్తుగా రిటైరయ్యాను.

పదకొండు వేల వోల్టుల లైను మీద పని చెయ్యాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ కరెంటు ఆపాలి. ఆపి మాకు లైన్ క్లియర్ ఇవ్వాలి. పని అయ్యాక మేం దిగి, మనుషులందరూ కిందే ఉన్నారని చెప్పి, ఆ లైన్ క్లియర్‌ను తిరిగి అప్పగించాలి. అప్పగించేదాకా అతను కరెంటు ఇవ్వకూడదు. పద్ధతి ఇంతే. కానీ మా రోజుల్లో దీనికొక అడ్డదారి ఉండేది. 'టైం మీద తీసుకోవడం' అనేవాళ్ళం. ఫోన్లు అందని చోటికి వెళ్తున్నప్పుడు ఆపరేటర్‌తో ముందే అరగంట అనో గంట అనో మాట్లాడుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఆ టైం కాగానే అతను కరెంటు ఇచ్చేసేవాడు. అప్పటికి మేం దిగిపోయి ఉండేవాళ్ళం. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. కాకపోయేసరికి అదే పద్ధతి అనుకున్నాం.

మా ఆపరేటర్ నాకంటే ఆరేళ్ళు పెద్ద. చుట్టం కాడు. అయినా చేరిన మొదటి వారంలోనే ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదలుపెట్టాం. కంట్రోల్ రూము వెనక ఆనపపాదు పెంచేవాడు. కాయ కోసి చేతిలో పెట్టేటప్పుడు, "కరెంటోళ్ళ ఆనపకాయి బావా, ఒంటి సేత్తో పట్టుకో, రెండు సేతులూ పెడితే షాకు కొడతాది" అనేవాడు. లాగ్‌షీట్‌లో నిమిషాలు ఉన్నవి ఉన్నట్టు రాసేవాడు. అందరూ పది నలభై అని రాసేచోట అతను పది ముప్పై ఎనిమిది అని రాస్తే మేం వేళాకోళం చేసేవాళ్ళం.

"రెండు నిమిషాలకి కొంపలంటుకుంటాయేటి బావా?" అని నేనడిగితే, "ఆ రెండు నిమిషాలూ మీ మావిచ్చాడేటి నీకు, పారెయ్యడానికి?" అనేవాడు.

ఒక గాలివాన మర్నాడు పొద్దున్న. స్తంభాలు ఒరిగాయి, సెల్ టవర్లు పడుకున్నాయి, సబ్‌స్టేషన్ ఫోను కూడా మూగబోయింది. నేను తడిసిన బట్టల్తోనే బండి మీద వెళ్ళి గుమ్మంలోంచే కేకేశాను.

"అరగంట సాలు బావా. ఊరి బయట లైను తెగింది, కట్టేసి దిగిపోతాను. పదీ నలభైకి కరెంటు ఇచ్చీ."

"పోన్లు నేవు గదా. నువ్వు దిగినావో నేదో నాకెలా తెలుస్తాది?"

"నేను అరగంటన్నాక అరగంటే. ఆస్పత్రోళ్ళు, నీళ్ళ మోటార్లోళ్ళు అందరూ నీ పేరే తలుస్తన్నారు."

"నన్ను తలిసేది తిట్టడానికే గదేటి" అన్నాడు. అని కరెంటు ఆపాడు. ఆపిన టైం పది పది.

ఆ ఊళ్ళో పని, దారితో కలిపి, పాతిక నిమిషాల్లో అయిపోయింది. దిగాను. పొరపాటున కరెంటు వచ్చినా మనిషికి తగలకుండా లైనుకు రెండు పక్కలా తగిలించే ఎర్తు రాడ్లు కూడా తీసి బండికి కట్టేశాను. అప్పుడు ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. వాళ్ళ వీధి చివరి స్తంభం దగ్గర కూడా తీగ ఊడిందట. "ఇంట్లో బాలింత ఉన్నాది బాబూ, కూసింత సూడు" అంది. గడియారం చూసుకున్నాను. ఇంకా మూడు నాలుగు నిమిషాలుంది. బావ ఎలాగూ అటూ ఇటూ చూసే ఇస్తాడనుకున్నాను. రాడ్లు మళ్ళీ విప్పి కట్టడానికి బద్ధకించాను. ఎక్కాను. రెండు నిమిషాల పని అనుకున్నది అలా జరగలేదు, పైకి వెళ్ళాక చూస్తే ఇన్సులేటర్ కూడా పగిలి ఉంది. నా ఎడమ చెయ్యి తీగ మీద ఉండగా కరెంటు వచ్చింది.

పక్కనే వరి ఊడ్చిన మడి బురదలో పడ్డాను కాబట్టి బతికాను. చెయ్యి మాత్రం మూడో రోజున తీసేశారు.

విచారణకు ఒక అధికారి ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చాడు. లైన్ క్లియర్ తీసుకున్నావా అని అడిగాడు. తీసుకున్నానన్నాను. తిరిగి అప్పగించావా అన్నాడు. లేదన్నాను, నేను చెప్పకముందే కరెంటు ఇచ్చేశాడన్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. టైం మీద తీసుకున్నావా అని అతను అడగలేదు. నేను చెప్పలేదు. చెబితే తప్పు నా మీదికి వస్తుంది, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, ఇద్దరు చిన్నపిల్లలు. మంచం పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడకి కూడా చెప్పలేదు.

బావ రాసిచ్చిన కాగితంలో రెండే మాటలు ఉన్నాయని తరవాత విన్నాను. తొందరపడి ఇచ్చాను, తప్పు నాది అని. అతన్ని సస్పెండ్ చేశారు. ఆ తరవాత సముద్రం ఒడ్డున ఎక్కడో మారుమూల సబ్‌స్టేషన్‌కి పంపేశారు. రావలసిన ప్రమోషన్ రాలేదు.

మీరు నమ్మరేమో గాని, అతని మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. అరగంట అన్నది నేనే. అయినా ఒక మనిషిని సైకిలు మీద పంపి కనుక్కోవచ్చు కదా, ఇంకో రెండు నిమిషాలు ఆగచ్చు కదా అని మొదలుపెట్టాను. అలా తిప్పి తిప్పి తలుచుకోగా, నా అరగంట అందులోంచి ఎప్పుడో జారిపోయింది. అతని తొందరే మిగిలింది. ఆస్పత్రికి కొబ్బరి బొండాలు పట్టుకుని వస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాను. అతను చాలాసేపు నిలబడి, బొండాలు మంచం కిందికి తోసి వెళ్ళిపోయాడు. వాటిని ఆయాకి ఇచ్చెయ్యమన్నాను.

ఒంటిచేత్తో లుంగీ కట్టుకోవడం నేర్చుకున్నాను. అన్నం కలుపుకోవడానికి ఇబ్బంది లేదు. ఉన్న ఒక్క చేతి గోళ్ళు మాత్రం ఎవరికి వాళ్ళు తీసుకోలేరు. ఆదివారం పొద్దున్న మా ఆవిడ గుమ్మంలో కూర్చుని తీసేది. తీస్తున్నంతసేపూ నేను బావని తిట్టేవాణ్ణి. వాడి చేతులు పడిపోవాలి, వాడి గోళ్ళు ఇంకొకరు తియ్యాలి అనేవాణ్ణి.

"నీ సెయ్యి నా సేతిలో ఉన్నంతసేపూ ఆ మాటలొద్దు" అందొకసారి. "గోరు లోపలికి దిగిపోతాది."

మా ఆవిడ వాళ్ళది ముందునుంచీ విశ్వాసుల ఇల్లు. నేను పెళ్ళినాడు తప్ప చర్చి గడప తొక్కినవాణ్ణి కాదు. చెయ్యి పోయిన రెండో ఏట, ఆవిడ గొడవ పడలేక వెళ్ళడం మొదలుపెట్టాను. వెనక చాప మీద కూర్చునేవాణ్ణి. మా పాస్టరు అయ్యగారు చిన్న మనిషి, గట్టిగా కూడా మాట్లాడరు. ఒక ఆదివారం, మనకు అన్యాయం చేసినవాణ్ణి క్షమించడం గురించి చెప్పారు. సిలువ మీద ఉండి కూడా ఆయన తనను కొట్టినవాళ్ళ కోసం తండ్రిని వేడుకున్నాడు గదా అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. లేచి నిలబడి, నా చెయ్యి తీసినవాణ్ణి నేను క్షమించేశానని అందరిముందూ అన్నాను. ఆ ఏడుపు దొంగది కాదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తప్పు అక్కడ జరగలేదు. ఆ తరవాత జరిగింది.

పక్క ఊరి చర్చివాళ్ళు నా సాక్ష్యం కావాలన్నారు. తరవాత ఇంకో ఊరు. ఆ తరవాత కరపత్రాల మీద నా పేరు వేశారు. చెప్పగా చెప్పగా ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది. చొక్కా చెయ్యి ఏ మాట దగ్గర పైకి లాగాలో కూడా తెలిసింది. "నా సొంత మనిషి అనుకున్నవాడు, నా ప్రాణం చేతిలో పెట్టుకున్నవాడు" అని మొదలుపెట్టేవాణ్ణి. అతని పేరు ఎప్పుడూ చెప్పలేదు, అది నా గొప్ప అనుకునేవాణ్ణి. పేరు చెప్పకపోతే మాత్రం ఎవరికి తెలియదు? కరెంటాఫీసులో అందరికీ తెలుసు. వాళ్ళ చుట్టాలకి తెలుసు. నేను క్షమించానని చెప్పిన ప్రతిసారీ అతని తప్పు ఇంకో ఊరికి చేరేది. తిట్టడం మానేశాను గాని, తిట్లతో అంత దూరం నేనెప్పుడూ వెళ్ళలేదు.

రెండేళ్ళ కిందట పొందూరు దగ్గర ఒక చిన్న చర్చికి పిలిచారు. పగటి కూడిక. బాగా చెప్పాను. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఒకావిడ దగ్గరికొచ్చింది. జుట్టు నెరిసింది, మనిషి సన్నబడింది. అయినా గుర్తుపట్టాను. ఎన్నిసార్లు ఆ చేతి ఆనపకాయ పులుసు తినలేదు.

"బాగున్నావేటి తమ్ముడా?" అంది బావ భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి.

వాళ్ళు ఇక్కడున్నారని తెలియదన్నాను.

"రిటేరయ్యాక మా అమ్మోళ్ళ ఊరే వచ్చీసినాం. నేను నూలు వడుకుతాను. మా పక్కింటోళ్ళు, ఎవరో ఒంటి సెయ్యి ఆయన వస్తాడు, బాగా సెప్తాడు అంటే ఒచ్చాను. నువ్వని తెల్దు." నా చొక్కా చేతి వైపు చూసింది. "బాగా సెప్పినావు. మా ఆయన్ని క్షమించినానన్నావు గదా, ఇంటికెల్లి సెప్తాను. సంతోషిస్తాడు."

అందులో వెటకారం ఉందేమోనని మొహం చూశాను. లేదు.

"అరగంట అన్నావట గదా ఆ రోజు" అంది మెల్లగా. "నా దగ్గర తప్ప ఎవలి దగ్గరా అన్నేదు ఆయన. నలభైకి ఇవ్వమంటే యాబై రెండు దాకా ఆగేడు. నీ బండి వస్తాదేమోనని గేటు కాడికెల్లి రోడ్డు సూసేడు. ఆస్పత్రోళ్ళు వచ్చి మీద పడిపోతే అప్పుడిచ్చేడు. ఆ మాటొక్కటి సెప్పకపోయావా తమ్ముడా? నలుగురిలోకి రాడు. పెళ్ళికి రాడు, సావుకి రాడు."

పన్నెండు నిమిషాలు. ఆ సంగతి నాకు తెలియదు. లాగ్‌షీట్ చూడాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆ నెల మొదటి ఆదివారం మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం నా ముందుకు వచ్చింది. పదకొండేళ్ళుగా ఉన్న ఒక్క చెయ్యీ చాపి తీసుకున్నవాణ్ణి, ఆ రోజు చాపలేకపోయాను. పళ్ళెం పక్కవాడికి జరిపాను. మా ఆవిడ చూసింది. అయ్యగారూ చూశారు.

మధ్యాహ్నం ఆయన ఇంటికి వచ్చారు. మా ఆవిడ ఉండగానే మొత్తం చెప్పాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అయ్యగారు నన్ను ఓదార్చలేదు.

"సాక్ష్యం అంటే జరిగింది చెప్పడం గదండీ" అన్నారు. "మీరు ఆయన్ని క్షమించానన్నారు. మరి మీరు ఆయన్ని అడగవలసింది ఉంది గదా."

"అడిగితే ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఏమవుతుందండీ?"

"ఏమవుతుందో నాకూ తెలీదు. నేనే మిమ్మల్ని ఊరూరా పంపాను. నాకూ అందులో వాటా ఉంది."

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. నాకు ప్రార్థన రాలేదు. మైకు ముందు గలగలా మాట్లాడేవాణ్ణి, నా గదిలో ఒక్క మాట దొరకలేదు. చివరికి, "అరగంట అన్నది నేనే ప్రభువా" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక చూసుకుంటే, బావ మీద కోపానికి పట్టు దొరకలేదు. పదమూడేళ్ళు దాన్ని నిలబెట్టింది నేను దాచిన ఆ మాటే.

లోపలినుంచి మా ఆవిడ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రేపు పొద్దున్న బస్సుకెల్లు" అంది. "నేను రాను. నువ్వే ఎల్లు."

పొందూరులో వాళ్ళ ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. బావ వాకిట్లోనే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. జబ్బ పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేశాడు. ఉక్కగా ఉంది. స్విచ్చి బోర్డు అతని భుజం పక్కనే ఉంది. అయినా, "ఒసే, ఇలగొచ్చి ఫ్యాను ఎయ్యి" అని పెరట్లో ఉన్న భార్యను కేకేశాడు. ఆవిడ వచ్చి వేసి, నాతో మామూలుగా అంది: "ఇంట్లో స్విచ్చి ఆపుతాడు గాని ఎయ్యడు తమ్ముడా. పదమూడేల్లుగా ఇంతే."

అప్పటిదాకా ఎలా మొదలుపెట్టాలో బస్సులో అల్లుకున్న మాటలన్నీ పోయాయి. తప్పు నాది బావా అన్నాను. అరగంట అని నేనే అన్నాను, రాడ్లు తీసేసి ఎక్కాను, ఆఫీసరుకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు అన్నాను.

"నాకు తెల్దేటి? నానక్కడే ఉన్నాను గదా" అన్నాడు.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నీ సెయ్యి పోయినాది. ఉద్యోగం కూడా పోవాలేటి? అప్పుడలగ అనుకున్నాను." కాసేపు ఫ్యాను వైపు చూశాడు. "నువ్వు ఊరూరా సెప్తన్నావని తెలిసినాక మాత్రం శానా కోపమొచ్చినాది బావా. నీ రెండో సెయ్యి కూడా పోతే బాగుణ్ణు అనుకున్న రోజులున్నాయి. నానేటి దేవుణ్ణా?"

"నేనూ నీ చేతులు పడిపోవాలన్నాను. ప్రతి ఆదివారం."

"అందుకేనేటి ఈ సేతులు స్విచ్చి దాకా పోవు" అన్నాడు.

ముందు అక్క నవ్వింది. తరవాత మేమిద్దరం నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే అతను ఏడ్చాడు. నేను ఉన్న చెయ్యి అతని మోకాలి మీద వేశాను. "సైకిలు మీద ఒక మనిషిని పంపుండాల్సింది. అది నా తప్పే, అది నువ్వు తీసుకోకు" అన్నాడు. క్షమించానని అనలేదు. అన్నం తిని వెళ్ళమన్నాడు.

ఆఫీసుకి కాగితం రాసిచ్చాను. అంత పాత ఫైలు వెతకాలి అన్నారు. వెతకమన్నాను. ఇంకా వెతుకుతున్నారు. ఆ తరవాత నేను సాక్ష్యం చెప్పిన చర్చిలకు ఒక్కొక్కదానికీ ఉత్తరం రాశాను. కొందరు జవాబివ్వలేదు. ఒకాయన మాత్రం ఫోను చేసి, మొదటి సాక్ష్యమే దీవెనకరంగా ఉంది సహోదరా, అదే ఉంచుకుందాం అన్నాడు.

పొందూరు దగ్గరి చర్చివాళ్ళు మాత్రం వచ్చి చెప్పమన్నారు. వెళ్ళాను. చొక్కా చెయ్యి పైకి లాగలేదు. అరగంట సంగతి చెప్పాను, రాడ్ల సంగతి చెప్పాను, అతను ఆగిన పన్నెండు నిమిషాల సంగతి చెప్పాను. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఎక్కడ ఆగాలో తెలియక రెండుసార్లు తడబడ్డాను. వచ్చి కూర్చుంటే ముందు వరసలో ఒక పెద్దాయన, "పోయినసారంత బాగా నేదు" అన్నాడు పక్కాయనతో, వినబడేట్టుగానే.

అక్క వెనకనుంచి వచ్చి నా భుజం తట్టింది. "బయట ఉన్నాడు" అంది.

లేచి వెళ్ళాను. చర్చి గోడకు ఆనుకుని, మైకు గొట్టం కింద, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నట్టున్నాడు. దగ్గరికి వెళ్తే నా మొహంలోకి చూశాడు.

"కాయితం సంగతి సెప్పినేదేటి?"

"ఏం కాగితం?"

"పోన్లు నేవు, కాయితం మీద రాసి సంతకం పెట్టు అన్నాను గదా. బావా బావా అనుకునేవోళ్ళకి కాయితాలేటి అని నవ్వీసి ఎల్లిపోయినావు."

నిజంగా అప్పటిదాకా నాకు గుర్తులేదు. అతను అన్నాక గుర్తొచ్చింది. అతను లాగ్‌షీట్ మీది కలం తీసి నాకు చాపడం, నేను బండి ఎక్కెయ్యడం, అన్నీ గుర్తొచ్చాయి. అన్నీ చెప్పేశాననుకున్న నాడు కూడా ఒకటి మిగుల్చుకున్నాను.

"మర్చిపోయాను బావా."

"ఎల్లి సెప్పి రా" అన్నాడు.

లోపల అందరూ ముగింపు దీవెనకు లేచి నిలబడి ఉన్నారు. నేను మధ్యలోంచి ముందుకు నడిచాను. అక్కడి పాస్టరు గారు ఎత్తిన చేతులు దించి, ఏమిటన్నట్టు చూసి, మైకు ఇచ్చారు. ఇంకొక మాట ఉందన్నాను. ఆ రోజు ఆపరేటర్ నన్ను కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు, నేను నవ్వి పెట్టకుండా వెళ్ళిపోయాను అని చెప్పాను. మైకు తిరిగి ఇచ్చేసి వెనక్కి తిరిగేసరికి, అతను గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పుతున్నాడు.